తూనీగని చూసి పేరు చెప్పడం ఎలా? మొదటి పుస్తకం ఏది? ఆత్మకూరు కయ్యల నుంచి ఉదయగిరి కొండ దాకా

ఈరోజు ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెడతాను.

రెండు ఎపిసోడ్ల కింద ఆత్మకూరు దగ్గర వరి కయ్యల్లో తీసిన వీడియో పెట్టాను, గుర్తుందా? గెనెం మీద నిలబడి, చాలా కాన్ఫిడెంట్‌గా, "చూడండి, ఇక్కడ రెండు రకాల తూనీగలు ఉన్నాయి" అన్నాను. ఒకటి నల్లది. రెక్కలు సగం దాకా నలుపు, ఆ నలుపు పక్కనే పాలు ఒలికినట్టు తెల్ల పట్టీ. ఇంకోటి పసుపుది. రెక్కల మీద పసుపు, అక్కడక్కడ నల్ల మచ్చలు. రెండింటికీ రెండు పేర్లు కూడా చెప్పేశాను. నాకు తెలిసి కాదు. ఫోన్‌లో యాప్ చూపించింది, నేను చదివాను, అంతే.

నాలుగు రోజులకి ఒక మెసేజ్ వచ్చింది. పంపింది ఆత్మకూరు పక్క పల్లెలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, వాళ్ళ నాయన ఫోన్ నుంచి. "అన్నా, మీరు చెప్పింది తప్పేమో. అవి రెండు రకాలు కాదు, ఆడదీ మగదీ. మా కయ్యలో రెండూ కలిసి ఉంటే ఫోటో తీశాను, చూడండి." ఓపెన్ చేశాను. ఒక గడ్డిపరక మీద రెండూ ఉన్నాయి. నల్లది తన తోక చివరతో పసుపుదాని తల వెనకాల పట్టుకుని ఉంది. పసుపుది తన తోకని కింద నుంచి వంచి నల్లదాని పొట్టకి ఆనించింది. మొత్తం కలిపి చూస్తే హార్ట్ సింబల్ లాగా ఉంది. తూనీగలు జత కట్టేది అట్లాగే. ఇంక వాదించడానికి ఏముంది?

దాని పేరు ఇంగ్లీషులో పైడ్ ప్యాడీ స్కిమ్మర్. సైంటిఫిక్ పేరు న్యూరోథెమిస్ తుల్లియా. పేరులోనే ప్యాడీ ఉంది. నేను నిలబడింది వరి కయ్యలోనే. అయినా తప్పు చెప్పాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు టెస్టింగ్ చేయకుండా కోడ్ వదిలితే మేనేజర్ ఊరుకునేవాడు కాదు. ఇక్కడ వేల మందికి వదిలేశాను. ఆ వీడియోలో కరెక్షన్ పెట్టాను. కానీ అది సరిపోదనిపించింది. అసలు ఎక్కడ తప్పు చేశానో, ఎట్లా చూసుంటే ఆ తప్పు జరిగేది కాదో, మొదటిసారి చూసేవాళ్ళు ఏ పుస్తకం పట్టుకోవాలో ఈరోజు మొత్తం మాట్లాడుకుందాం.

మన అందరికీ తూనీగతో పాత పరిచయమే. చిన్నప్పుడు తోకకి దారం కట్టి ఎగరేయనివాళ్ళు చెయ్యెత్తండి. నేనూ కట్టాను. మా వీధిలో ఎవరి తూనీగ ఎక్కువసేపు ఎగిరితే వాడు గొప్ప. సాయంత్రానికి అది చచ్చిపోయేది, మళ్ళీ రేపు ఇంకోటి. అది కుట్టదు, కరిచినా మనకి ఏమీ కాదు. అందుకే పాపం మన చేతికి చిక్కింది. అన్నేళ్ళు ఆడుకున్నాం కదా, వాటిల్లో ఒక్కదాని పేరైనా మనకి తెలుసా? ఎర్ర తూనీగ, పచ్చ తూనీగ, పెద్దది, చిన్నది. అంతే. ప్రపంచంలో 6,000 పైన రకాలున్నాయి. మన దేశంలోనే దాదాపు 500. మనకి మాత్రం అన్నీ కలిపి ఒక్కటే పేరు.

సరే, పనిలోకి వద్దాం. ముందు ఒక చిన్న ప్రశ్న. మీ ముందు కూర్చున్నది అసలు తూనీగేనా, దాని సన్నటి చుట్టమా? ఇంగ్లీషులో ఒకటి డ్రాగన్‌ఫ్లై, ఇంకోటి డామ్సెల్‌ఫ్లై. రెండోదాన్ని నేను సూది తూనీగ అంటాను, ఎందుకంటే ఒళ్ళు నిజంగా సూదిలాగే ఉంటుంది. తేడా పట్టడానికి రెండు చూడండి. ఒకటి, కూర్చున్నప్పుడు రెక్కలు. పెద్ద తూనీగ విమానంలాగా చాపి పెడుతుంది. సూది తూనీగ వీపు మీద మూసి పెడుతుంది. రెండు, కళ్ళు. పెద్దదానికి కళ్ళు తలంతా ఆక్రమించి, చాలావాటిల్లో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. సూదిదానికి రెండు కళ్ళూ తల చివరల్లో రెండు గుండ్లలాగా దూరంగా ఉంటాయి.

రూల్ అన్నాక ఎక్సెప్షన్ ఉంటుంది. సూది తూనీగల్లోనే స్ప్రెడ్‌వింగ్ అనే కుటుంబం రెక్కలు సగం తెరిచి కూర్చుంటుంది. పెద్ద తూనీగల్లో క్లబ్‌టెయిల్ అనే కుటుంబానికి కళ్ళు కలవవు. అందుకే ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పొద్దు. రెండూ కలిపి చూడండి.

ఇప్పుడు అసలు విషయం. పుస్తకం తెరిచే ముందు, యాప్ తెరిచే ముందు, ఐదు ప్రశ్నలు వేసుకోండి. ఎక్కడ ఉంది? ఎట్లా కూర్చుంది? ఎంత ఉంది? రెక్కల మీద ఏముంది? ఆఖరికి, రంగేంటి? రంగుని ఆఖర్న ఎందుకు పెట్టానంటే, నన్ను ముంచింది అదే. తూనీగల్లో మగదానికి ఒక రంగు, ఆడదానికి ఇంకో రంగు చాలా మామూలు. అది చాలదన్నట్టు, వయసుని బట్టి కూడా రంగు మారుతుంది. నీళ్ళలోంచి కొత్తగా బయటికొచ్చిన మగది చాలా రకాల్లో ఆడదానిలాగే లేత పసుపుగా ఉంటుంది. ముదిరేకొద్దీ ఎరుపో నీలమో వస్తుంది. ఒక్క రంగు చూసి పేరు చెప్పడం అంటే, చొక్కా చూసి మనిషి పేరు చెప్పడమే.

మగదో ఆడదో తెలియాలంటే పక్క నుంచి చూడాలి. తోక అని మనం అనేది నిజానికి దాని పొట్ట. అందులో 10 కణుపులు ఉంటాయి. రొమ్ముని ఆనుకుని ఉన్న రెండో కణుపు కింద చిన్న బుడిపె కనిపిస్తే అది మగది. ఆ ఒక్క ఫోటో తీసుకుని ఉంటే నేను ఈరోజు సారీ చెప్పేవాణ్ణి కాదు.

ఈ ఐదు ప్రశ్నల్ని మన చుట్టుపక్కల వాటి మీద వేసి చూద్దాం. మొదట నాకు బాగా బుద్ధి చెప్పిన ఒకదాని కథ.

గ్రానైట్ ఘోస్ట్ అని ఒకటుంది. సైంటిఫిక్ పేరు బ్రాడినోపైగా జెమినేటా. బూడిద రంగు ఒళ్ళు, మీద నలుపు, తెలుపు చుక్కలు. రాతి మీద వాలితే రాయిలో కలిసిపోతుంది. అందుకే ఘోస్ట్. పేరు వినగానే నాకేమనిపించిందంటే, రాయి కావాలంటే ఉదయగిరి కొండ ఉంది కదా. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీద దండెత్తి, నెలల తరబడి ముట్టడించి, 1514లో పట్టుకున్న దుర్గం. ఊళ్ళో టీ తాగి, అక్కడ చేసే చెక్క గరిటెలు అమ్మకి రెండు కొని, బ్యాగులో వేసుకుని ఎక్కడం మొదలుపెట్టాను. పాత గోడలు, మెట్లు, బండలు, అన్నీ వెతికాను. రెండు గంటలు. చెమట తప్ప ఏమీ దొరకలేదు. దిగేటప్పుడు బండ మీద ఏదో కదిలిందనిపించింది, కెమెరా తీసేలోపు లేదు.

ఇంటికొచ్చాను. కాళ్ళు కడుక్కుందామని పెరట్లో సిమెంటు తొట్టి దగ్గరికెళ్తే, తొట్టి గోడ మీద, రెక్కలు గోడకి అతుక్కున్నట్టు పరిచి, కూర్చుని ఉంది. మా ఇంట్లోనే! తర్వాత చదివితే తెలిసింది, అది రాతి గుంటల్లో నిలిచిన నీళ్ళలో గుడ్లు పెట్టే జాతి. మనిషి సిమెంటు తొట్లు కట్టాక వాటినీ రాతి గుంటల కిందే జమకట్టుకుంది. తొట్టిలో అడుగున పాకే పురుగుల్ని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నీళ్ళు పాడైపోయాయని తొట్టి తోమి పారబోసేవాళ్ళం. అవి దాని పిల్లలు. తొట్టిలో దోమ పిల్లల్ని పట్టి తినేది అవే. కింది పెదవిని చెయ్యి చాపినట్టు చటుక్కున బయటికి విసిరి పట్టుకుంటాయి. దోమల మందుకి డబ్బులు పెడుతూ, ఊరికే దోమల్ని తినేవాటిని పారబోశాం.

అంటే "ఎక్కడ ఉంది, ఎట్లా కూర్చుంది" అనే మొదటి రెండు ప్రశ్నలే దీన్ని పట్టిచ్చేస్తాయి. బూడిద రంగు, నిలువు గోడ, రెక్కలు గోడకి పరిచిన తీరు. రెక్క కొస దగ్గర ఉండే చిన్న మచ్చని జూమ్ చేస్తే ఆ ఒక్క మచ్చలోనే నలుపూ తెలుపూ రెండూ కనిపిస్తాయి. ఇంక డౌట్ లేదు.

ఇంకో నాలుగైదు త్వరగా చెప్తాను. నేల మీద, కాలిబాట మీద, మీరు నడుస్తుంటే రెండడుగుల ముందు లేచి మళ్ళీ నేల మీదే వాలే చిన్నది ఉంటుంది. అది గ్రౌండ్ స్కిమ్మర్, డిప్లాకోడెస్ ట్రివియాలిస్. లేతగా ఉన్నప్పుడు పసుపు-పచ్చ మీద నల్ల చారలు. మగది ముదిరితే విభూతి పూసుకున్నట్టు నీలిబూడిద రంగుకి వస్తుంది.

మురికి కాలవ పక్కన, రెక్కలు నారింజ రంగులో మెరుస్తూ గుంపులుగా కనిపిస్తే డిచ్ జ్యువెల్, అంటే మురికి కాలవలో నగ అన్నమాట. పేరు పెట్టినవాడికి దణ్ణం పెట్టాలి. మగదానికే ఆ నారింజ రెక్కలు. చుట్టూ మంచినీళ్ళు లేకపోయినా ఇది బతుకుతుంది. అందుకే మీ ఊరి చెరువు దగ్గర ఇదొక్కటే కనిపిస్తుంటే, ఆ నీళ్ళ గురించి కొంచెం ఆలోచించాలి.

చెరువు కలుజు దగ్గర, సోమశిల వెనక నీళ్ళ ఒడ్డున, నెత్తురు రంగు ఎరుపుతో ఒకటి పుల్ల కొస మీద కూర్చుంటుంది. తోక నడుమ సన్నటి నల్ల గీత ఉంటే రడ్డీ మార్ష్ స్కిమ్మర్. దాని ఆడది పసుపు, అదే గీత ఉంటుంది. చూశారా, రంగు మారింది, గీత మారలేదు. ఎరుపు కాకుండా గులాబీ వైపు, రెక్కల నరాలు కూడా ఎర్రగా ఉంటే అది వేరే, క్రిమ్సన్ మార్ష్ గ్లైడర్.

నడుము సన్నగా, పచ్చ-నలుపు పట్టీలతో, మీద వాలిన పురుగుని వదలకుండా చూసేది గ్రీన్ మార్ష్ హాక్. ఇది తోటి తూనీగల్నే పట్టి తింటుంది. మన బ్యాచ్‌లో ఒకడుంటాడు చూడండి, అట్లాంటిది.

సూది తూనీగల్లో ఒకటి మనం తప్పకుండా తెలుసుకోవాలి. తోక మొత్తం పసుపు, మచ్చ అనేదే లేదు. రొమ్ము కాస్త పచ్చగా. చెరువు గట్టు గడ్డిలో, మోకాలి ఎత్తులో ఉంటుంది. కోరమాండల్ మార్ష్ డార్ట్. సైంటిఫిక్ పేరు సెరియాగ్రియాన్ కోరమాండేలియానం. కోరమాండల్ అంటే మన తీరమే కదా! ఫాబ్రీషియస్ అని డెన్మార్క్ శాస్త్రవేత్త, లిన్నేయస్ శిష్యుడు, 1798లో దానికి ఆ పేరు పెట్టాడు. రెండు వందల ఏళ్ళకి పైగా మన తీరం పేరుని మోస్తున్న పురుగు అది. మన దగ్గర దానికి పేరే లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఆశ్వయుజం, కార్తీకం రోజుల్లో, వాన ముందూ వాన వెనకా, ఆత్మకూరు బస్టాండు పైన, స్కూలు గ్రౌండ్ల పైన, ఎక్కడా వాలకుండా గుంపులుగా తిరిగే లేత బంగారు రంగు తూనీగలు చూశారా? గంటసేపు చూసినా కూర్చోవు. కూర్చుంటే కొమ్మకి కిందికి వేలాడతాయి. అదే వాండరింగ్ గ్లైడర్, పాంటలా ఫ్లేవెసెన్స్. దీనికి కూడా 1798లో పేరు పెట్టింది ఆ ఫాబ్రీషియస్సే.

మా తాత వీటిని చూసి, "రేయ్, తూనీగలు దిగినాయి, మిద్దె మీద వడ్లు ఎత్తండ్రా" అని అరిచేవాడు. బీటెక్ చదివేటప్పుడు నేను నవ్వేవాణ్ణి, మూఢనమ్మకం అని. ఇప్పుడు అంత తేలిగ్గా నవ్వలేను. ఈ జాతి చెరువుల మీద ఆధారపడదు. వాన పడి నిలిచిన గుంటల్లో గుడ్లు పెడుతుంది. గుంట ఎండేలోపు, నెలన్నర రెండు నెలల్లో, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోవాలి. కాబట్టి దాని బతుకే వాన వెంట పడడం. వానని తెచ్చే గాలులతో పాటే ఎగురుతుంది. ఒక తూనీగ కిందకి ఎగిరితే గ్యారంటీగా వాన పడుతుందని నేను చెప్పను. కానీ గుంపులు దిగడానికీ వాన కాలానికీ లింకు ఉంది. తాత చదువుకోలేదు, కానీ చూశాడు.

ఇంకా వినండి. మాల్దీవుల్లో ఉండే చార్లెస్ ఆండర్సన్ అనే సముద్ర జీవశాస్త్రవేత్తకి ఒక డౌట్ వచ్చింది. ఆ దీవుల్లో మంచినీళ్ళు నిలవడమే కష్టం, మరి ప్రతి అక్టోబరుకీ ఇన్ని తూనీగలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఏళ్ళ తరబడి రాసుకున్నాడు. 2009లో పేపర్ వేశాడు. ఇవి ఇండియా నుంచి సముద్రం దాటి, మాల్దీవుల మీదుగా, తూర్పు ఆఫ్రికా దాకా పోతున్నాయని. 2012లో ఇంకో స్టడీలో ఆయనా, మరికొందరు శాస్త్రవేత్తలూ కలిసి మాల్దీవుల్లో పట్టిన తూనీగల రెక్కల్లో హైడ్రోజన్‌ని కొలిచి, అవి పుట్టింది భారత ఉపఖండం ఉత్తర భాగంలో అని లెక్క తేల్చారు. పోయేది ఒక తరం, తిరిగొచ్చేది దాని పిల్లలో మనవలో. పచ్చిమిరపకాయంత లేదు, సముద్రం దాటుతుంది! మనం దారం కట్టింది బహుశా దానికే.

ఇందులో మీరు గమనించాల్సింది ఒకటుంది. ఆండర్సన్ మొదట చేసిందేంటి? తారీఖు, చోటు, ఎన్ని కనిపించాయి. ఇవి రాసుకున్నాడు. దానికి ల్యాబ్ అక్కర్లేదు.

సరే, ఇప్పుడు పుస్తకాలు. ఇక్కడ నా రెండో తప్పు చెప్తాను. మొదటి జీతాల రోజుల్లో, ఇంటర్నెట్‌లో అందరూ మెచ్చుకుంటున్నారని, డెన్నిస్ పాల్సన్ రాసిన పుస్తకం తెప్పించాను. 2009లో ప్రిన్స్‌టన్ వాళ్ళు వేశారు. అద్భుతమైన పుస్తకం, ఒక్క మాట కూడా వంక పెట్టలేను. కానీ అది అమెరికా పడమటి భాగానికి రాసింది. కయ్య గెనెం మీద కూర్చుని పేజీలు తిప్పాను, తిప్పాను, నా ముందున్నది అందులో లేదు. నాకు దొరికింది పాంటలా ఒక్కటే, అది ప్రపంచమంతా తిరుగుతుంది కాబట్టి. తప్పు పుస్తకానిది కాదు. చెన్నై మ్యాప్ పట్టుకుని ఉదయగిరిలో అడ్రస్ వెతికింది నేను.

కాబట్టి పుస్తకం ఎంచుకునే మొదటి రూల్: మీ నేలకి రాసింది కావాలి. ఎంత లావు పుస్తకమైతే అంత మంచిది అనుకోవద్దు. మొదట్లో మీకు కనిపించేవి 20, 30 రకాలు. 500 రకాలున్న పుస్తకం తెరిస్తే ప్రతి పేజీ మీ తూనీగలాగే కనిపిస్తుంది.

రెండో రూల్: ప్రతి రకానికీ మగది, ఆడది, వీలైతే లేతది కూడా ఫోటో ఉండాలి. మెరిసే మగవాటి ఫోటోలే ఉన్న పుస్తకం కొంటే, మీరు చూసే వాటిల్లో సగానికి పేరు దొరకదు. నాకు జరిగినట్టే జరుగుతుంది.

మూడు: సైజు మిల్లీమీటర్లలో, ఏ నెలల్లో, ఎట్లాంటి నీళ్ళ దగ్గర, దేనితో కన్ఫ్యూజ్ అవుతాం, ఈ నాలుగూ రాసి ఉండాలి. "దేనితో కన్ఫ్యూజ్ అవుతాం" అని రాసినవాడు నిజంగా కయ్యలో తిరిగినవాడు.

నాలుగు: సైంటిఫిక్ పేరు ఉండాలి. భయపడొద్దు, బట్టీ పట్టక్కర్లేదు. మామూలు పేర్లు పుస్తకం పుస్తకానికీ మారతాయి. మన గ్రౌండ్ స్కిమ్మర్‌ని ఇంకోచోట చాకీ పెర్చర్ అంటారు. పాంటలాని ఒకరు వాండరింగ్ గ్లైడర్ అంటే, ఇంకొకరు గ్లోబ్ స్కిమ్మర్ అంటారు. సైంటిఫిక్ పేరు ఆధార్ నంబర్ లాంటిది. ముద్దు పేరు ఎన్ని ఉన్నా మనిషి ఒక్కడే.

మరి ఏ పుస్తకం? పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే, కె. ఏ. సుబ్రమణియన్ గారు రాసిన పెనిన్సులర్ ఇండియా డ్రాగన్‌ఫ్లైస్, డామ్సెల్‌ఫ్లైస్ ఫీల్డ్ గైడ్. 2005లో బెంగళూరులో, ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ళ ప్రాజెక్ట్ లైఫ్‌స్కేప్ కింద వచ్చింది. పీడీఎఫ్ ఫ్రీ. పెనిన్సులర్ ఇండియా అంటే దక్కనంతా, అంటే మనం కూడా. ఫోన్‌లో వేసుకుంటే సిగ్నల్ లేని చోట కూడా తెరుచుకుంటుంది. ఆయనదే 2009లో విజ్ఞాన్ ప్రసార్ వేసిన డ్రాగన్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా కూడా ఉంది. నన్నడిగితే మొదటి పుస్తకం 2005దే.

రెండో మెట్టు: కేరళది. 2013లో సి. జి. కిరణ్, డేవిడ్ రాజు కలిసి ఇంగ్లీషు, మలయాళం రెండు భాషల్లో వేశారు. మన దగ్గర కనిపించే మామూలు రకాలు చాలా వరకు అందులో ఉంటాయి. పశ్చిమ కనుమల వాగుల్లో మాత్రమే ఉండేవి కూడా ఉంటాయి, వాటిని మన చెరువులో వెతకొద్దు. ఒడిశా వైపు మనోజ్ నాయర్ 2011లో రాసింది ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి అది బాగా దగ్గర.

ఇంక ఫ్రేజర్. ఈయన బ్రిటిష్ కాలపు మిలటరీ డాక్టరు. 1933, 1934, 1936లో మూడు సంపుటాలు రాశాడు, ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా సిరీస్‌లో. ఇప్పటికీ పెద్ద పెద్ద వాళ్ళు తెరిచేది దాన్నే. కానీ అది రెక్క నరాలు లెక్కపెట్టే పుస్తకం. మొదటి రోజే తెరిస్తే తూనీగల మీద విరక్తి వస్తుంది. రెండేళ్ళ తర్వాత తెరవండి.

వెబ్‌సైట్లలో ఒడొనాటా ఆఫ్ ఇండియా ఉంది. రకం వారీగా ఫోటోలు, ఎక్కడ తీశారో కూడా ఉంటుంది. ఐనాచురలిస్ట్‌లో మీ ఫోటో పెడితే తెలిసినవాళ్ళు చూసి చెప్తారు.

యాప్‌ల గురించి ఒక్క మాట. వద్దని చెప్పను, నేనూ వాడతాను. కానీ యాప్ చెప్పేది సమాధానం కాదు, సలహా. ఫోటోకి దగ్గరగా ఉన్నదాన్ని చూపిస్తుంది. కాబట్టి ముందు మీ ఐదు ప్రశ్నలు, తర్వాత యాప్, ఆ తర్వాత పుస్తకంలో ఆ పేజీ తీసి చోటు, సైజు, మగా ఆడా సరిపోయాయో లేదో చెక్ చేయడం. ఈ ఆర్డర్ తిరగేశాను కాబట్టే నేను దొరికిపోయాను. మూడూ చేసినా తేలకపోతే "తెలీదు" అని రాసుకోండి. అది సిగ్గు కాదు. తప్పు పేరుతో పెట్టిన ఫోటో కన్నా, పేరు లేకుండా పెట్టిన మంచి ఫోటోకే విలువ ఎక్కువ.

ఫోటో ఎట్లా? ఫోన్ చాలు. ఉదయం ఎండ కాస్త ముదిరాక, తొమ్మిది నుంచి పదకొండు మధ్యలో వెళ్ళండి. మీ నీడ దాని మీద పడనివ్వొద్దు. లేచిపోతే కంగారు పడొద్దు, చాలావరకు అదే పుల్ల మీదికి మళ్ళీ వస్తుంది. నిలబడి ఉండండి. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ముఖం ఒకటి, ఆఖర్న అది కూర్చున్న చోటు మొత్తం కనిపించేలా ఒకటి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, గట్టు గడ్డిలో పాములుంటాయి. నీళ్ళలోకి దిగొద్దు. సోమశిల దగ్గరైతే అసలే వద్దు.

ముగించే ముందు, ఇదంతా ఎందుకో చెప్తాను.

మా ఊరి బయట ఒక కుంట ఉండేది. నేను దారం కట్టిన తూనీగలన్నీ ఆ కుంట దగ్గర పట్టినవే. ఉద్యోగానికి వెళ్ళి వచ్చేసరికి మట్టి తోలి ప్లాట్లు వేశారు. ఇప్పుడు అక్కడ రాళ్ళు పాతి, నంబర్లు వేసి ఉన్నాయి. అక్కడ ఏయే రకాలు ఉండేవి అని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. పదేళ్ళు రోజూ అక్కడే ఆడాను, వందల తూనీగల్ని చేత్తో పట్టుకున్నాను, ఒక్క పేరు చెప్పలేను. పోయింది అని బాధపడడానికి కూడా, ఏం పోయిందో తెలిసి ఉండాలి కదా.

కేరళలో పాంటలాని తులాత్తుంబి అంటారు. సూర్యుడు తులారాశిలో ఉండే నెలలో వస్తుంది కాబట్టి. ఎంత చక్కటి పేరు! ఆ నెలలోనే మన నెల్లూరుకి కూడా వానలు. మనమూ పెట్టుకోలేమా? గోడకి అతుక్కునేదాన్ని రాతి తూనీగ అనొచ్చు. నా పరువు తీసినదాన్ని కయ్య తూనీగ అనొచ్చు. సైంటిఫిక్ పేరు పక్కన ఉంటే చాలు, పిలవడానికి మన మాట ఉండాలి.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. వాళ్ళ నాయన ఎత్తి, "పాపా, ఆ వీడియోల అన్న" అని ఇచ్చాడు. థ్యాంక్స్ చెప్పి, ఏ పుస్తకం చూశావమ్మా అని అడిగాను. "పుస్తకం లేదన్నా. రోజూ బడికి ఆ గెనెం మీదే పోతా. నోట్సులో రాసుకుంటా" అంది. నోట్సు ఫోటో పంపమన్నాను. లెక్కల నోట్సు వెనక పేజీలు. తారీఖు, ఏ కయ్య, ఎన్ని. పేర్లు తెలియవు కాబట్టి బొమ్మలు వేసింది. "పసుపు సూది" అని ఒకదానికి తనే పేరు పెట్టుకుంది. అది కోరమాండల్ మార్ష్ డార్ట్. బొమ్మ చూడగానే గుర్తుపట్టేయొచ్చు. ఆ పీడీఎఫ్ ఇప్పుడు వాళ్ళ నాయన ఫోన్‌లో ఉంది.

మీకు ఈ వారం పని ఇదే. మీ దగ్గర్లో ఒక్క నీటి చోటు ఎంచుకోండి. చెరువు కావచ్చు, పంట కాలవ కావచ్చు, మీ ఇంటి తొట్టి కావచ్చు. వారానికి ఒకసారి, 20 నిమిషాలు. తారీఖు, చోటు, ఎన్ని, నాలుగు ఫోటోలు. పేరు తెలిస్తే రాయండి, తెలియకపోతే బొమ్మ వేయండి. నేను మళ్ళీ తప్పు చెప్తే, ఆ అమ్మాయిలాగే ఫోటోతో సహా పట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా ఉంటాను. తొట్టి తోమే ముందు ఒకసారి లోపలికి చూడండి.